ఏ తారీఖుకి ఎంత?

ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజు సాయంత్రం వంటగది గుమ్మంలో నిలబడి గోడ చూస్తున్నాను. గోడలోంచి రెండు నీళ్ళ పైపులు, వాటికి బిరడాలు. కింద డ్రైనేజీ గొట్టం, దాని నోట్లో కుక్కిన గుడ్డ. పక్కన స్టవ్‌కి కనెక్షన్ ఇవ్వాల్సిన లావుపాటి వైరు, కొసకి టేపు చుట్టి ఉంది. అంతే. సింకు లేదు, స్టవ్ లేదు, ఒక్క అర కూడా లేదు. జర్మనీలో చాలా అద్దె ఇళ్ళు ఇలాగే ఇస్తారని నాకు తెలీదు. సింకు దగ్గర్నుంచి మనమే పెట్టించుకోవాలి, లేదంటే ఖాళీ చేసి వెళ్తున్నవాళ్ళ దగ్గర వాళ్ళ సామాను కొనుక్కోవాలి. ప్రకటనలో ‘ఈబీకే’ అని మూడక్షరాలు ఉంటే వంటగది అమర్చి ఉన్నట్టు. నేను చూసిన ప్రకటనలో అవి లేవు. అవి లేవని గమనించాలంటే అవి ఉంటాయని ముందు తెలియాలి కదా.

ఆ దేశంలో దిగి ఆ రోజుకి ఇరవై మూడు రోజులు. డబ్బు లేక కాదు నా ఇబ్బంది. నాలుగు నెలలు ఒక్క పైసా రాకపోయినా గడిచేంత దాచుకునే వెళ్ళాను. కానీ ఆ సాయంత్రం నా చేతికి అందే డబ్బు వారం రోజులకి కూడా కష్టం. మిగతాదంతా ఎక్కడో ఒకచోట ఉంది. కొంత ఇంటి ఓనరు దగ్గర అడ్వాన్సుగా, కొంత తాత్కాలిక బస వాళ్ళ దగ్గర, ఎక్కువ భాగం నా పాత బ్యాంకు ఖాతాలో, నేను తియ్యలేని స్థితిలో.

విదేశంలో ఆరు నెలలో ఏడాదో పనిచేయడానికి వెళ్తున్నాం అనగానే మొదట తట్టే ప్రశ్న ‘అక్కడ నెలకెంత అవుతుంది?’ ఇంటర్నెట్‌లో దానికి జవాబులు బోలెడు. ఊరి పేరు కొడితే చాలు, అద్దె ఇంత, కరెంటు ఇంత, బస్సు పాస్ ఇంత అని పట్టిక వచ్చేస్తుంది. ఆ పట్టికలు అబద్ధాలని నేననను. నాకు ఆరో నెలలో అయిన ఖర్చు ఆ పట్టికకి చాలా దగ్గరగానే ఉంది. కానీ ఆరో నెలలో నాకు పట్టికతో పనేంటి? నేను ఇరుకున పడ్డది మొదటి నెలన్నరలో. ఆ నెలన్నర సంగతి ఏ సగటూ చెప్పదు. అందుకే నెలకెంత అని లెక్క వేసుకోవడం మానెయ్యమంటాను. ఏ తారీఖున ఎంత కట్టాలి, ఏ తారీఖున ఎంత చేతికొస్తుంది, రెంటికీ మధ్య ఎన్ని రోజులు, ఇదొక్కటే లెక్క. నెలజీతం మీద బతికే ఎవరికైనా నెలాఖరు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. విమానం ఎక్కేసరికి ఆ జ్ఞానమంతా ఇంట్లో వదిలేసి వెళ్తాం, అదీ విచిత్రం.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నాది కాదు. బ్రిటన్‌కి ఆరు నెలలు మించి ఉద్యోగ వీసా మీద వెళ్ళేవాళ్ళు వైద్య సర్‌చార్జి కట్టాలి. 2024 ఫిబ్రవరి 6 నుంచి అది పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్లు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి 776. నెలకెంత అని చూస్తే పెద్దవాళ్ళకి 86 పౌండ్ల చిల్లర. పట్టికలో పెడితే ఫోను బిల్లు పక్కన ఒదిగిపోయే అంకె. కానీ అది నెలనెలా కట్టేది కాదు. వీసా ఎన్నేళ్ళకి అడుగుతున్నామో అన్నేళ్ళదీ దరఖాస్తు పెట్టే రోజునే కట్టాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్ళ వీసా అనుకుంటే 10,866 పౌండ్లు. వీసా ఫీజు వేరే. అదంతా మొదటి జీతం రాకముందు, విమానం టికెట్ కొనకముందు, ఇంకా ఇంట్లో కూర్చునే కట్టాలి. కంపెనీ భరిస్తే అదృష్టం. వైద్య సిబ్బంది వీసా మీద వెళ్ళేవాళ్ళకి మినహాయింపు ఉంది. మిగతావాళ్ళకి ‘నెలకి 86’ అనే అంకె వల్ల ఏం ఒరిగిందో మీరే చెప్పండి.

అద్దె సంగతి ఇంకా తమాషా. డబ్బుల్లో చెప్తే ఊరూరికీ మారిపోతుంది కాబట్టి ఒక నెల అద్దెని కొలతగా పెట్టుకుందాం. ఇల్లు దొరికి తాళం తిరిగేలోపు ఎన్ని అద్దెలు కట్టాలి? ఇంగ్లండ్‌లో 2019 చట్టం వచ్చాక మామూలు అద్దె ఇళ్ళకి డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు. న్యూయార్క్‌లోనూ 2019 నుంచే, ఒక్క నెల. జర్మనీలో మూడు నెలలదాకా అడగొచ్చు. జపాన్‌లో డిపాజిట్ కాక ‘రెయికిన్’ అని ఓనరుకి కృతజ్ఞతగా ఇచ్చేది ఒకటుంది, అది తిరిగి రాదు. ఏజెంటు రుసుము, జామీను కంపెనీ రుసుము, బీమా, మొదటి అద్దె, అన్నీ కలిస్తే గుమ్మం తొక్కేలోపు నాలుగైదు అద్దెలు అవడం అక్కడ మామూలే. కొరియాలో ‘జోన్సే’ పద్ధతిలో అయితే నెల అద్దె అసలుండదు. ఇంటి ఖరీదులో సగమో అంతకంటే ఎక్కువో ఒకేసారి ఓనరు చేతిలో పెట్టి, వెళ్ళేటప్పుడు వెనక్కి తీసుకోవాలి. నెలకెంత అని అడిగితే జవాబు సున్నా!

ఇప్పుడు నా లెక్క చూడండి. మొదటి మూడు వారాలు రోజుల లెక్కన తీసుకున్న గది. అది మామూలు అద్దెకి రెట్టింపు పడుతుంది కాబట్టి ఒకటిన్నర అద్దె. డిపాజిట్ మూడు. మొదటి నెల అద్దె ఒకటి. ఆ వంటగదీ, ఒక మంచం, దీపాలు (గదుల్లో బల్బు హోల్డర్లు కూడా పీకేసి వెళ్ళారు, సీలింగు నుంచి రెండు వైర్లు వేలాడుతూ ఉండేవి) కలిపి ఒకటిన్నర. మొత్తం ఏడు అద్దెలు, నెల తిరక్కుండానే. నా ఎక్సెల్ పట్టికలో ఆ నెల ఎదురుగా ‘అద్దె: 1’ అని ఉంది. ముద్దుగా, ఆకుపచ్చ రంగులో.

ఇందులో ఒక బాధ నా అజ్ఞానం ఖాతాలోకి వెళ్తుంది. జర్మన్ చట్టం ప్రకారం ఆ డిపాజిట్‌ని మూడు సమాన వాయిదాల్లో, నెలకొకటి చొప్పున కట్టే హక్కు అద్దెకి వచ్చినవాళ్ళకి ఉంది. మొదటి వాయిదా మాత్రమే ఇల్లు తీసుకునేటప్పుడు. ఓనరు మొత్తం ఒకేసారి పంపమన్నాడు, నేను పంపేశాను. ఆయన మోసం చేశాడని కాదు. అడిగాడు, నాకు తెలియక ఇచ్చాను. మొత్తం ఖర్చు ఎటు చూసినా మూడు అద్దెలే. కానీ ఆ రెండు అద్దెలు ఇంకో నెలా రెండు నెలలూ నా దగ్గరే ఉండుంటే ఆ సాయంత్రం పైపుల వైపు చూస్తూ అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు.

అందుకే డబ్బుని రెండు రకాలుగా విడదీస్తాను: పోయే డబ్బు, ఇరుక్కునే డబ్బు. అద్దె పోతుంది. డిపాజిట్ ఇరుక్కుంటుంది. ఎక్కువ కోసిన పన్ను ఇరుక్కుంటుంది. కంపెనీ తర్వాత ఇస్తానన్న ప్రయాణ ఖర్చు ఇరుక్కుంటుంది. పోయే డబ్బు గురించి మనకి భయం ఎక్కువ కాబట్టి దాన్ని బాగానే లెక్కేస్తాం. ఇరుక్కునే డబ్బు ‘ఎలాగూ వస్తుందిలే’ అని లెక్కలోంచి తీసేస్తాం. నాకైతే మొదటి రెండు నెలల్లో ఊపిరాడకుండా చేసింది అదే.

ఇరుక్కోవడం ఎలా ఉంటుందో నా పన్ను నంబరు కథ చెప్తే తెలుస్తుంది. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారాల్లోపు మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటివాళ్ళు సంతకం పెట్టిన కాగితం కావాలి. నా తాత్కాలిక బసవాళ్ళు ఆ కాగితం మేం ఇవ్వం అన్నారు. సరే, అసలు ఇల్లు దొరికాక నమోదైంది. నమోదయ్యాక పన్ను గుర్తింపు నంబరు వస్తుంది, ఈమెయిల్లో కాదు, పోస్టులో. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, కింద వరండాలో ఉన్న ఉత్తరాల పెట్టె మీద నా పేరు అతికించలేదు. అక్కడ ఫ్లాటు నంబరుతో పని లేదు. పెట్టె మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు, పేరు లేకపోతే వెనక్కి పంపిస్తారు. పాత అద్దెదారు పేరే ఇంకా ఉంది, ఇత్తడి రేకు మీద చెక్కి. నా ఉత్తరం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ నంబరు లేకపోతే ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఆరో తరగతి కింద, అంటే అన్నిటికంటే ఎక్కువ కోత పడే తరగతి కింద పన్ను పట్టుకోవచ్చు. నాకు అదే జరిగింది. అసలే నేను చేరేనాటికి ఆ నెల జీతాల లెక్కలు ముగిశాయి కాబట్టి మొదటి జీతం నలభై ఐదో రోజున వచ్చింది. అదీ చిక్కి శల్యమై వచ్చింది. తర్వాత నంబరొచ్చింది, మూడు నెలలకి సరిచేసి మిగతాది ఇచ్చారు. పైసా పోలేదు. కానీ ఆ మూడు నెలలూ నా జీతంలో పెద్ద ముక్క నాది కాకుండా పోయింది, ఒక చిన్న కాగితం ముక్క మీద పేరు రాసి అతికించనందుకు.

ఇక పాత బ్యాంకులో ఉన్న డబ్బు. ఆ ఖాళీ వంటగదిలో నేల మీద కూర్చుని ఫోనులోంచి డబ్బు పంపుదామని చూశాను. ఓటీపీ పంపాం అంది. నా పాత నంబరుకి! ఆ సిమ్ ఇంటి దగ్గర, టేబుల్ సొరుగులో, పాత ఫోనులో ఉంది. కొత్త దేశంలో కొత్త సిమ్ తీసుకుంటాను కదా, రోమింగ్ ఎందుకని ఆపేయించి వెళ్ళాను. అక్కకి ఫోన్ చేశాను. అక్కడ నడిరాత్రి.

“ఏ ఫోన్రా? ఇక్కడ మూడున్నాయి.”

“నల్లది అక్కా. మూల పగిలింది.”

“చార్జింగ్ లేదురా. ఉండు పెడతా. ఈ పిన్ను పట్టట్లేదే...”

ఫోను ఆన్ అయ్యేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్ళీ అడిగితే మళ్ళీ పంపాం అంది. ఈసారి అక్క చదువుతుంటే ఫోను అప్‌డేట్ కోసమని దానంతటదే ఆగి మళ్ళీ మొదలైంది. మూడోసారి అంకెలు సరిగ్గానే కొట్టాను, కానీ అప్పటికి కొత్త దేశం నుంచి ఇన్నిసార్లు ప్రయత్నించానని ఖాతా ఇరవై నాలుగు గంటలు బిగించేశారు. బ్యాంకు తప్పు కాదు, నా స్థానంలో దొంగ ఉంటే నేనే వాళ్ళని మెచ్చుకునేవాణ్ణి. ఇప్పుడు నేను ఎవరికి సలహా చెప్పినా వీసా కన్నా ముందు సిమ్ గురించే అడుగుతాను. పాత నంబరు రోమింగ్‌లో మెసేజీలు అందుకునేలా ఉందా? వాడకపోతే ఎన్నాళ్ళకి నంబరు తీసేస్తారు? బ్యాంకు లాగిన్‌కి మెసేజీ కాకుండా వేరే దారి ఉందా? విమానం ఎక్కకముందే పక్క గదిలో కూర్చుని, పాత సిమ్ తీసేసి, ఒక రోజంతా ఆ ఖాతాలు వాడి చూడండి. ఏది ఆగిపోతుందో ఇంట్లోనే తెలుస్తుంది.

కొత్త ఖాతా విషయంలో యూరప్‌లో కొంత మేలు. అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నవాళ్ళకి ప్రాథమిక చెల్లింపుల ఖాతా హక్కుగా ఇవ్వాలని 2014లో యూరోపియన్ యూనియన్ నియమం చేసింది, స్థిరమైన చిరునామా లేకపోయినా సరే. ఇంకోటి, ఆ కూటమిలో ఒక దేశపు ఖాతా నంబరు ఉంటే మరో దేశంలో జీతానికో అద్దెకో ‘మా దేశపు నంబరే కావాలి’ అనకూడదు. అయినా అనేవాళ్ళు అంటూనే ఉంటారు. నియమం తెలిస్తే మర్యాదగా గుర్తుచేయొచ్చు.

మారకం రేటు గురించి అందరూ పెద్దపెద్ద మాటలు చెప్తారు, నేను రెండే చెప్తాను. ఏటీఎంలోనూ దుకాణంలోనూ ‘మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా?’ అని తెర మీద రెండు బటన్లు వస్తాయి. మన కరెన్సీ చూసి ప్రాణం లేచొస్తుంది, అదే నొక్కుతాం. అప్పుడు రేటు వేసేది ఆ మిషను వాళ్ళు, వాళ్ళకి నచ్చినట్టు. ఎప్పుడూ ఆ దేశం కరెన్సీయే నొక్కాలి. రెండోది, ఏ కరెన్సీలో సంపాదిస్తూ ఏ కరెన్సీలో ఖర్చు పెడుతున్నామో ఆ తేడాకీ ఒక తారీఖు ఉంటుంది, ఎవరూ ముందుగా చెప్పని తారీఖు. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు మూడేళ్ళకి పైగా కాపాడుకొచ్చిన హద్దుని, యూరో 1.20 ఫ్రాంకుల కంటే దిగకూడదన్న హద్దుని వదిలేసింది. నిమిషాల్లో ఫ్రాంకు యూరో మీద ముప్పై శాతందాకా ఎగిరి, తర్వాత కొంత దిగింది. ఆ ఉదయం యూరోల్లో జీతం తీసుకుంటూ ఫ్రాంకుల్లో అద్దె కట్టేవాళ్ళ సంగతి ఊహించండి. 2016 జూన్‌లో, యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న బ్రిటన్ రెఫరెండం ఫలితం వచ్చిన రాత్రి పౌండు డాలరుతో 1.50 దగ్గర్నుంచి తెల్లారేసరికి 1.33 దగ్గరికి పడింది. ఇలాంటివి కనిపెట్టడం మన వల్ల కాదు. కనీసం మూడు నెలల ఖర్చు, కట్టాల్సిన కరెన్సీలోనే ముందుగా మార్చి పెట్టుకోవడం మన వల్ల అవుతుంది. ఇంటి బాకీలు, బీమా వాయిదాలు, తల్లిదండ్రులకి పంపేవి అటువైపు ఆగవు కాబట్టి ఆ కరెన్సీలోనూ కొంత ఉంచుకోవాలి.

ఇంతవరకూ డబ్బు తారీఖులు. రోజుల లెక్క ఇంకొకటుంది, అది తప్పితే డబ్బే కాదు, ప్రయాణమే తప్పుతుంది. షెంజెన్ దేశాల్లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో, వీసా లేకుండానో స్వల్పకాలిక వీసా మీదనో ఉండేవాళ్ళకి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఒక రోజు బయటికెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదలవుతుందని నమ్మేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. మొదలవదు. ఏ రోజుకి ఆ రోజు వెనక్కి 180 లెక్కపెట్టాలి, దిగిన రోజూ వెళ్ళిన రోజూ రెండూ లెక్కలోకే. 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు ముద్రల స్థానంలో ఎలక్ట్రానిక్ నమోదు దశలవారీగా మొదలైంది కాబట్టి ముద్ర సరిగ్గా పడలేదన్న సాకు కూడా ఇక చెల్లదు.

పన్నులో 183 రోజుల సంగతి అంతకంటే ఎక్కువ పుకారు. ‘ఆర్నెల్లలోపు ఉంటే అక్కడ పన్నుండదు’ అని ధీమాగా చెప్తారు. చాలా దేశాల మధ్య పన్ను ఒప్పందాలకి మూలమైన ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సంస్థ) నమూనాలో ఆ మినహాయింపుకి మూడు షరతులున్నాయి. పన్నెండు నెలల్లో 183 రోజులు మించకూడదు, జీతం ఇచ్చేవాళ్ళు ఆ దేశంవాళ్ళు అయి ఉండకూడదు, ఆ జీతం భారం ఆ దేశంలో వాళ్ళకున్న శాఖ మీద పడకూడదు. మూడూ కలవాలి. అక్కడి కంపెనీయే జీతమిస్తే మొదటి రోజు నుంచే పన్ను. అమెరికా లెక్క ఇంకోరకం. ఈ ఏడాది రోజులు మొత్తం, పోయినేడాది రోజుల్లో మూడోవంతు, అంతకుముందువాటిలో ఆరోవంతు కలిపి 183 అయితే, ఈ ఏడాది కనీసం 31 రోజులుంటే, పన్ను కోసం అక్కడి నివాసి కిందే లెక్క. ఏటా 120 రోజులుంటే? 120, 40, 20 కలిపి 180. బయటపడ్డాం. ఏటా 122 ఉంటే సరిగ్గా 183, దొరికిపోయాం. ఏటా రెండు రోజుల తేడాతో మారిపోయే సంగతి ఇది, విమానం టికెట్ చవగ్గా దొరికిందని ప్రతిసారీ రెండు రోజులు పొడిగించుకునేవాళ్ళు చూసుకోవాలి. ఈ లెక్కకీ మినహాయింపులున్నాయి, కానీ అవి అడిగి తెచ్చుకోవాలి.

ల్యాప్‌టాప్ పట్టుకుని ఎక్కడినుంచైనా పనిచేస్తామనేవాళ్ళకోసం వీసాలు వచ్చాయి. ఎస్టోనియా 2020 ఆగస్టులో, క్రొయేషియా 2021లో, పోర్చుగల్ 2022 అక్టోబరులో, స్పెయిన్ 2023లో. వీటిలోనూ తారీఖే. పోర్చుగల్‌లో అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్ల ఆదాయం, గడిచిన మూడు నెలల సగటు చూపించాలి. ఫ్రీలాన్సర్లకి బిల్లు ఎప్పుడు కట్టారన్నది ఎంత కట్టారన్నంత ముఖ్యం. మంచి ఏడాదిలో చెడ్డ మూడు నెలలు తగిలితే దరఖాస్తు వాయిదా వేసుకోవాల్సిందే.

కాగితాల గురించి తొందరగా చెప్తాను, ఎందుకంటే అందరూ దీన్నే సాగదీసి చెప్తారు. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య కాగితం అసలుదేనని చెప్పే అపోస్టిల్ ముద్ర చాలు. చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో అందులోకి వచ్చాయి. ముందు ముద్ర, తర్వాత అనువాదం. నేను ముందు అనువాదం చేయించాను. తర్వాత ముద్ర పడిన అసలుకీ ముద్ర లేని అనువాదానికీ పొంతన కుదరదన్నారు, రెండోసారి డబ్బులు కట్టాను. పోలీసు ధ్రువపత్రం లాంటివి మరీ ముందుగా తీసుకున్నా పాతబడిపోతాయి, కాబట్టి దాన్ని వీసా అపాయింట్‌మెంట్ తారీఖు నుంచి వెనక్కి లెక్కపెట్టి తీసుకోవాలి. షెంజెన్ వైపైతే పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లాలి, పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి. రోజూ మందులు వేసుకునేవాళ్ళు బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరుతో చీటీ రాయించుకోవాలి, ఆ దేశంలో ఆ మందు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని దేశాల్లో డాక్టరు రాసిచ్చినా కొన్ని మందులు తేనివ్వరు. ఏకాగ్రత కోసం వాడే యాంఫెటమిన్ మందుల్ని జపాన్‌లోకి అస్సలు రానివ్వరు.

ఇదంతా విన్న స్నేహితుడొకడు అన్నాడు, ఇన్ని లెక్కలేసుకుంటే ఎవడూ గడప దాటడురా, దిగాక అన్నీ సర్దుకుంటాయి అని. నిజంగానే సర్దుకుంటాయి. నాకూ సర్దుకున్నాయి. కానీ ఎవరి మీద సర్దుకున్నాయో చూడాలి కదా. ఆఫీసులో పరిచయమై పది రోజులైనా కాని మనిషిని చేబదులు అడగాల్సొచ్చింది నాకు. ఆయన ఇచ్చాడు, మంచివాడు. కానీ ఆ తర్వాత నాలుగు నెలలు మీటింగుల్లో ఆయన మాటకి ఎదురు చెప్పలేకపోయాను. ఆ ఖర్చు ఏ పట్టికలో రాస్తారు?

ఇంకొందరు ‘కంపెనీ అంతా చూసుకుంటుంది’ అంటారు. చూసుకుంటుంది, రసీదులు పెట్టాక. రీయింబర్స్‌మెంట్ అంటే మనం కంపెనీకిచ్చే వడ్డీలేని అప్పు. ఆఫర్ లెటర్లో మొత్తం చూసి మురిసిపోకుండా, అందులో ఎంత ముందుగా ఇస్తారు, ఎంత తర్వాత, దాని మీద పన్ను ఎవరిది అని అడగాలి. రెండోసారి వెళ్ళినప్పుడు నేను మొత్తం పెంచమని అడగలేదు, అందులో సగం చేరకముందే ఇవ్వమన్నాను. హెచ్ఆర్ ఆవిడ ఆశ్చర్యపోయింది, ఒప్పుకుంది. వాళ్ళకి అదనంగా ఖర్చయింది ఏమీ లేదు మరి.

‘ఆరు నెలల ఖర్చు దాచుకుని వెళ్ళు’ అనే పెద్దల మాట మీద కూడా నాకు పేచీ ఉంది. ఆరు నెలల ఖర్చు పద్దెనిమిది నెలల తర్వాత చేతికొచ్చే డిపాజిట్లో ఉంటే అది ఉన్నట్టా లేనట్టా? మూడు నెలలదే ఉన్నా, ఏ అర్ధరాత్రి అడిగినా వచ్చేలా ఉంటే దానికే నా ఓటు. అందులోంచి ఒక వాటా మాత్రం విడిగా పెట్టి ముట్టుకోను. ఏ సీజన్‌లోనైనా, ఏ రేటుకైనా, ఆ రోజుకారోజు ఇంటికి వచ్చే టికెట్ డబ్బు. దాన్ని అద్దెకి వాడను, వంటగదికి వాడను. రాత్రి రెండింటికి ఇంటి నుంచి ఫోనొచ్చినప్పుడు టికెట్ ధర చూసి ఆలోచించే స్థితి రాకూడదని.

రెండోసారి వెళ్ళేటప్పుడు ఎక్సెల్ తెరవలేదు. గోడ క్యాలెండర్ కొన్నాను, పెద్ద గళ్ళది. బయల్దేరే రోజుకి నాలుగు నెలల ముందు నుంచి మొదలుపెట్టి, కట్టాల్సినవి ఎర్ర సిరాతో, రావాల్సినవి నీలం సిరాతో రాశాను. ఎర్రవన్నీ ముందు, నీలాలన్నీ వెనక, మధ్యలో ఒక ఖాళీ. ఆ ఖాళీ ఎన్ని రోజులుంటే అన్ని రోజులకి డబ్బు చేతిలో ఉండాలి. నాకు యాభై ఎనిమిది రోజులొచ్చింది. దాన్ని తగ్గించడానికే బేరాలన్నీ ఆడాను: డిపాజిట్ వాయిదాల్లో, నెల మొదటి తారీఖున చేరడం, వస్తువులున్న ఇల్లే మొదటి మూడు నెలలకి. వస్తువులున్న ఇంటికి అద్దె ఎక్కువే. మొత్తం మీద కొంచెం ఎక్కువే ఖర్చయింది నాకు. ఖాళీ మాత్రం ఇరవై ఆరు రోజులకి దిగింది.

క్యాలెండర్ తిరుగు ప్రయాణం దగ్గర ఆగిపోతుందని అనుకున్నాను, ఆగలేదు. జర్మనీలో అద్దె ఇంటికి మామూలుగా మూడు నెలల నోటీసు ఇవ్వాలి, కాబట్టి వెళ్ళిపోయే నిర్ణయానికీ మూడు నెలల ముందే ధర కట్టాలి. జపాన్‌లో పనిచేసిన విదేశీయులు కట్టిన పింఛను సొమ్ములో కొంత వెనక్కి అడగొచ్చు, దేశం వదిలిన రెండేళ్ళలోపు అడిగితేనే. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద పనిచేసినవాళ్ళకి సూపర్‌ఆన్యుయేషన్ (అక్కడి ఉద్యోగుల పింఛను నిధి) డబ్బు వెళ్ళాక ఇస్తారు, కానీ వర్కింగ్ హాలిడే వీసా (కుర్రవాళ్ళు సెలవుకెళ్ళి మధ్యలో పని కూడా చేసుకునే వీసా) మీద వెళ్ళినవాళ్ళకి అందులో 65 శాతం పన్నుకే పోతుంది. నా సంగతికొస్తే, ఓనరు డిపాజిట్‌లో ఎక్కువ భాగం ఇచ్చేసి, హీటింగు లెక్క తేలాలని కొంత ఆపుకున్నాడు. అలా ఆపుకోవడం మామూలే. ఆ ఏడాది లెక్క చెప్పడానికి ఏడాది ముగిశాక ఇంకో పన్నెండు నెలల గడువుంటుంది వాళ్ళకి. ఆ ముక్క కోసమే అక్కడి ఖాతా మూయకుండా, నెలనెలా దాని రుసుము కడుతూ ఉంచాను.

తిరిగొచ్చిన పదో నెలలో ఒక పొద్దున ఫోనులో మెసేజీ వచ్చింది. ఆపుకున్నదాంట్లో మూడోవంతు హీటింగుకి పట్టుకుని మిగతాది వేశారు. క్యాలెండర్ తీసి, వెనక అట్ట మీద చేత్తో గీసుకున్న గళ్ళల్లో ఆ నీలం సిరా గీత కొట్టేశాను. దాని కింద ఇంకొకటి మిగిలింది, ఎర్రది: ఖాతా మూసెయ్యాలి, వాళ్ళకి ఉత్తరం పోస్టులో పంపాలి.